మజ్జిగలో ఉప్పు వేయకు

నూకరత్నం,

నేను బి షిఫ్టుకి వెళ్తున్నాను. ఎలమంచిలి నుంచి రాగానే కాళ్ల కింద దిండు పెట్టుకుని కాసేపు పడుకో. అన్నం, వంకాయ కూర వండేశాను. కూర చప్పగా ఉంటుంది, కావాలనే ఉప్పు తగ్గించాను. మజ్జిగలో అసలు వేయలేదు, నువ్వూ వేయకు.

ప్లాంటులో ఫర్నేసు సెగ తగిలితే మేమంతా ఉప్పు మజ్జిగే తాగుతాం. నీకు ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లొచ్చి చెమటలు పోస్తుంటే అదీ అలాంటి వేడేననుకున్నాను. వద్దంటున్నా రోజుకి మూడు గ్లాసులు, దగ్గర నిలబడి తాగించాను. ముట్లుడిగే వయసులో హార్మోన్లు అటూ ఇటూ అయి రక్తనాళాలు విచ్చుకుంటాయట, ఆ సెగ అదట. దానికి ఉప్పు తోడైతే ఒంట్లో నీరు నిలిచిపోతుందట.

నిన్న సీతమ్మధార డాక్టరమ్మ "ఇంత ఉప్పు ఎవరు తాగమన్నారమ్మా?" అని కోప్పడితే, "ఎవులూ సెప్పనేదండి, నానే తాగీసినాను" అన్నావు. నేను పక్కనే కూర్చుని నోరు విప్పలేదు. సోమవారం మళ్లీ వెళ్తాం కదా, అప్పుడు నేనే చెబుతాను. ఈసారి అడ్డం రాకు.

కాళ్లు వాచాయని నాకు ముందే ఒక్క మాట చెప్పొచ్చుగా. చెప్పినా ఇంకో గ్లాసు తాగమనేవాణ్ణేమోలే.

బస్సొచ్చే వేళయింది.

మరిచాను. నా చెప్పులు ఈడ్చుకు తిరుగుతున్నావని నెల్లాళ్లు వేళాకోళం చేశాను. మళ్లీ నవ్వుతానని కాబోలు, పొద్దున్న ఊరికి నీ చెప్పులే ఇరికించుకుని వెళ్లావు. నావి కడిగి గుమ్మం దగ్గర పెట్టాను. అవే వేసుకో.