టౌనో ఎడమ కన్ను

సూ సెయింట్ మేరీ,
1974 మే, మొదటి ఆదివారం.

అమ్మకు,

నీ జెనోన్ ప్రేమతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, లీడియా, చిన్నదీ కులాసాగా ఉన్నాం. చిన్నదానికి కింది పన్ను కదులుతోంది. రోజంతా దాన్ని నాలుకతో తోసుకుంటూ తిరుగుతోంది. నాన్న మోకాలు కాస్త నయమనీ, నీ దగ్గు పూర్తిగా పోయిందనీ చెల్లి స్టెఫా ఫోనులో చెప్పింది. విన్నాక మనసు కుదుటపడింది. నువ్వు పంపిన గసగసాల రొట్టె దారిలో నలిగి పొడైపోయింది. అయినా వదల్లేదు, గిన్నెలో పోసుకుని చెంచాలతో తిన్నాం.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. ముక్కు వంకరగానే ఉంది, ఈ ఏడు కొత్త వంకరలేమీ రాలేదు. పెట్టుడు పళ్ళు సరిపోయాయి, చలిలో మాత్రం కాస్త వదులవుతాయి. తిండికి లోటు లేదు, లీడియా కాచే బోర్ష్ సూపు ఇప్పుడు దాదాపు నీది లాగే ఉంటోంది. ఈ ముక్క తనకి చెప్పకు, 'దాదాపు' అన్నానని తగువేసుకుంటుంది.

"మంచు హాకీలో కొట్లాటప్పుడు చేతి తొడుగులు పారేసి, ఒకళ్ళ చొక్కా ఒకళ్ళు పట్టుకుని మంచు మీద గిరగిరా తిరుగుతారు కదా, అప్పుడు మీరిద్దరూ ఏం మాట్లాడుకుంటారురా?" అని రాశావు. ఇన్నేళ్ళలో నన్నెవరూ ఈ మాట అడగలేదు. లీడియా కూడా అడగలేదు. మేము పెద్ద విషయాలేమీ మాట్లాడుకోమమ్మా. "కానిద్దాం, మా అత్తగారొచ్చింది ఇంటికి" అంటాడొకడు. "నీ నోరు వాసనొస్తోంది, ఏం తిన్నావురా?" అంటాడు ఇంకొకడు. థండర్ బే జట్టులో టౌనో రిన్నె అని ఒకడున్నాడు, ఫిన్లాండు వాళ్ళ పిల్లాడు. మేమిద్దరం ఏటేటా కొట్టుకుంటూనే ఉన్నాం. రెండేళ్ళ కిందట నేను పంపిన పేపరు ముక్కలో నా గుద్దు తిని కన్ను వాచిపోయినవాడు అతనే. "మీ ఊరు కనోరాలో ఈ ఏడు గోధుమ ఎలా ఉందిరా?" అని అడుగుతాడు పిడికిలి ఎత్తి పట్టుకుని. మీ సరస్సుల్లో చేపలెలా పడుతున్నాయని నేనడుగుతాను. ఆ తర్వాత గుద్దుకుంటాం.

ఇక మన క్రిస్మస్ తర్వాత నా నుంచి ఉత్తరం ముక్క లేదేమని అడిగావు. దానికే ఈ పెద్ద ఉత్తరం. ఈ టౌనో గురించే.

జనవరిలో వాళ్ళ ఊళ్ళో ఆడాం. మామూలుగానే ఇద్దరం కలబడ్డాం, ఇద్దరినీ శిక్షగా పక్కపక్క పెనాల్టీ పెట్టెల్లో కూర్చోబెట్టారు, మధ్యలో గాజు పలక. అతని కనుబొమ నుంచి రక్తం కారుతోంది. అక్కడ పనిచేసే ముసలాయన తువ్వాలు తీసి అతని ఎడమ పక్కన, ముఖానికి జానెడు దూరంలో పట్టుకున్నాడు. టౌనో తీసుకోలేదు. ఎదురుగా చూస్తూ చొక్కా చేతితో రక్తం తుడుచుకుంటున్నాడు. ముసలాయన "ఇదిగో నాయనా" అన్నాక ఉలిక్కిపడి, తలంతా ఆ వైపు తిప్పి అందుకున్నాడు.

గాజు పలక ఇవతల నుంచి చూస్తున్నాను. జానెడు దూరంలో ఉన్న తువ్వాలు ఎందుకు కనబడలేదు?

అది మొదలు నాకదే ధ్యాస. తర్వాత వాళ్ళు మా ఊరు వచ్చినప్పుడు ఆట కన్నా అతన్నే ఎక్కువ చూశాను. బల్ల మీద ఎప్పుడూ ఎడమ కొసనే కూర్చుంటాడు, తోటివాళ్ళంతా అతని కుడి పక్కన ఉండేలా. ఆట రబ్బరు బిళ్ళ ఎడమ పక్కకి వెళితే కళ్ళు తిప్పడు, కోడిలా మెడ తిప్పుతాడు. ఇన్నేళ్ళూ అదొక అలవాటనుకున్నాను. ఆట ఆగిన ఒక క్షణంలో మెల్లిగా జారుతూ అతని ఎడమ పక్కకి చేరి నాలుక బయటపెట్టి వెక్కిరించాను. చలనం లేదు. చెయ్యి ఊపాను. ఊహూఁ. రెఫరీ మాత్రం చూశాడు.

"ఏంట్రా ఆ వేషాలు? చిన్నపిల్లాడివా?" అన్నాడు.

అప్పుడు గానీ టౌనో నా వైపు తిరగలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆ పాత పేపరు ముక్క, నా దగ్గర దాచుకున్న ఇంకో ప్రతి, తీసి చూశాను. వాచి మూసుకుపోయింది ఎడమ కన్నే. కొట్టింది నా కుడి పిడికిలి. ఆ దెబ్బకి అతను కొన్ని వారాలు ఆడలేదు కూడా. అమ్మా, నీకు ఉత్తరం రాద్దామని కూర్చుంటే 'కులాసా' అన్న మాట దగ్గరే కలం ఆగిపోయేది. ఒక మనిషి కన్ను తీసేశానేమోనన్న అనుమానంతో ఆ మాట ఎలా రాయను?

లీడియాకి చెప్పాను. ఆమె "వెళ్ళి అడుగు" అంది.

"ఏమని అడగను?"

"నీ కన్నేమైందని. అతను నిన్ను కొడితే కొట్టనీ, కొట్టించుకోవడం నీకేం కొత్త?"

అడగడానికి ఏప్రిల్ దాకా ధైర్యం చాలలేదు. కప్పు పోటీల్లో చివరికి ముందు అంచెలో మాకూ వాళ్ళకీ పడింది. గెలుపులు సమానమై, ఆఖరి ఆట వాళ్ళ ఊళ్ళో మిగిలింది. మేము ఒకరోజు ముందే చేరాం. మధ్యాహ్నం అందరూ పడుకుంటే నేను టౌనో మామగారు నడిపే ఆవిరి స్నానశాలకి నడిచి వెళ్ళాను. బల్ల దగ్గర ఆ పెద్దాయనే ఉన్నాడు. నన్ను ఎగాదిగా చూశాడు.

"మా అల్లుడి పళ్ళు రాలగొట్టింది నువ్వేనా?"

"రెండేనండీ."

"ఊఁ. తువ్వాలు తీసుకో. లోపలున్నాడు."

లోపల పై మెట్టు మీద టౌనో ఒక్కడే ఉన్నాడు, ఒళ్ళంతా ఎర్రగా కందిపోయి.

"ఏరా గోధుమలోడా! గుద్దడానికొచ్చావా, ఒళ్ళు రుద్దుకోడానికొచ్చావా?"

"ఒకటి అడగడానికొచ్చా."

"అడుగు. వేడికి పారిపోకముందే అడుగు."

వెళ్ళి అతని ఎడమ పక్కన కూర్చున్నాను. అతను మెడంతా తిప్పి చూశాడు.

"ఈ కన్ను కనబడదు కదా నీకు?" అన్నాను.

గరిటెతో నీళ్ళు తీసి రాళ్ళ మీద పోశాడు. ఆవిరి బుస్సుమని లేచింది.

"ఎవరు చెప్పార్రా?"

"ఎవరూ చెప్పలా. చూశాను."

"మా ఆవిడకే పెళ్ళయిన ఏడాదికి గానీ తెలియలా. నీకెందుకురా నా మీద ఇంత ఆరా?"

ఇక ఆగలేకపోయాను. "నా గుద్దుకే పోయిందా? రెండేళ్ళ కిందట?"

అతను తొడ చరుచుకుని నవ్వాడు, దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"నీ గుద్దుకా! ఒరేయ్, నీ గుద్దుకి అంత సత్తా ఉంటే ఈపాటికి నువ్వు మాంట్రియల్ పెద్ద జట్టులో ఆడుతుండేవాడివి. పదకొండేళ్ళప్పుడు పోయిందిరా ఇది. మా అన్న గేలం విసిరాడు, నేను వెనకాల నిలబడ్డాను. అంతే."

ఒంటి కన్నుతోనే బడిలో ఆడాడు, ఊళ్ళో ఆడాడు, జట్టులో చేరి ఇన్నేళ్ళూ మా అందరితో తలపడ్డాడు. కన్ను లేనివాణ్ణి ఆడనివ్వరు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. డాక్టరు గోడ మీద అక్షరాలు చదవమంటే, వరసలో ముందు నిలబడ్డవాళ్ళు చదివేది విని అప్పజెప్పేసేవాడట. నాకు ఏడుపొచ్చింది. ఆవిరిలో తెలియలేదులే.

అప్పుడింకో సందేహం వచ్చింది. "మరి ఎప్పుడూ నాతోనే ఎందుకు కలబడతావ్? మా జట్టులో నాకన్నా చిన్నవాళ్ళున్నారుగా?"

"వాళ్ళు నోరు మూసుకుని వస్తార్రా. నువ్వు మీద పడే ముందు మీ భాషలో ఏదో తిడతావు, ప్రతిసారీ. ఎడమ పక్క నుంచి వచ్చినా నాకు వినబడుతుంది. నీతో అయితే భయముండదు."

ఆ మాట వంకరటింకరగా అని వినిపించాడు, ట్రాక్టరు మొరాయించినప్పుడు నాన్న అనే మాట అది. ఇక్కడ రాయను, మన పోస్టుమాస్టరుకీ మన భాష వచ్చు. నేనలా తిడతానని నాకే తెలియదమ్మా, నిజంగా!

లేచి వచ్చేస్తుంటే అతను నన్ను ఏమీ వేడుకోలేదు. "రేపు నీ పని నువ్వు చూసుకో" అన్నాడంతే.

మర్నాడు పొద్దున సాధనలో మా కోచ్ హార్‌గ్రీవ్ నన్ను పక్కకి పిలిచాడు. చూపు చురుకైన మనిషి, ఆయనకీ ఏదో అనుమానం తగిలింది.

"ఆ రిన్నెగాడి ఎడమ పక్క ఏదో తేడాగా ఉందయ్యా. వాడితో ఎప్పుడూ పూసుకుని తిరిగేది నువ్వే. ఏంటి సంగతి?"

"నాకేం తేడా కనబడలేదు."

"కనబడకపోతే పోనీ. ఇవాళ మాత్రం వాణ్ణి ఎడమ నుంచే దెబ్బ తియ్యి. అర్థమైందా?"

తలూపాను.

ఆట సమానంగా సాగింది. చివర్లో బిళ్ళ మూలకి దొర్లింది. దాని కోసం టౌనో ముందు వెళ్ళాడు, ఎడమ భుజం నా వైపు. నేను మైదానం మీది నీలిగీత దగ్గర నుంచి పూర్తి వేగంతో వస్తున్నాను. నేను వస్తున్నట్టు అతనికి తెలియదు. ఆ దెబ్బ న్యాయమైనదే, రెఫరీ ఈల కూడా ఊదడు. అతను లేవలేకపోతే బిళ్ళ మాది, బహుశా ఆట కూడా మాదే. వెనక నుంచి కోచ్ "తియ్యి! తియ్యి!" అని అరుస్తున్నాడు.

నేను తిట్టాను. గొంతు చించుకుని, ఈసారి తెలిసే తిట్టాను.

టౌనో మోకాళ్ళు వంచి గట్టిపడ్డాడు. నేనేమీ తగ్గలేదమ్మా, ఉన్న బలమంతా పెట్టి గుద్దాను. ఇద్దరం చెక్కగోడకి కొట్టుకుని కూలబడ్డాం. అయితే అతను పడుతూనే కర్రతో బిళ్ళని వెనక్కి తోశాడు. అందుకున్నవాడు దాన్ని మా గోలులో వేశాడు. మేము ఓడిపోయాం.

హార్‌గ్రీవ్ బట్టలు మార్చుకునే గదిలో అందరి ముందూ అడిగాడు. "చప్పుడు చెయ్యకుండా వెళ్ళి గుద్దలేవూ? పెళ్ళి ఊరేగింపులా డప్పు కొట్టుకుంటూ వెళ్ళాలా?"

నేను వంగి బూట్ల తాళ్ళు విప్పుకున్నాను.

ఇంతదాకా వచ్చాక మిగతాదీ చెప్పేస్తాను. లీడియా రెండు రోజులుగా "మీ అమ్మకి రాశావా?" అని అడుగుతూనే ఉంది. వచ్చే ఏటికి నన్ను వద్దన్నారు. వయసైపోయిందని చెప్పారు. వయసు వల్లనో, ఆ అరుపు వల్లనో నాకు తెలియదు. రెండూ కావచ్చు. ఇంకే జట్టూ పిలవదు, నేనూ వెతకను. ఇక్కడి ఉక్కు కర్మాగారంలో పని దొరికేట్టుంది. నువ్వు బెంగ పెట్టుకోకు. తెల్లారి లేచి సంచీ సర్దుకోకుండా కూర్చోవడం వింతగా ఉంది, అంతే. చేతులు ఏం చెయ్యాలో తెలియక చిన్నదాని జడ వేస్తున్నాను. వంకరగా వస్తోంది.

పోయిన వారం వాళ్ళ ఊళ్ళో కప్పు కోసం ఆఖరి ఆట జరిగింది. నేనూ లీడియా రోజంతా కారు నడుపుకుంటూ వెళ్ళాం. నా జన్మలో డబ్బిచ్చి టికెట్టు కొనుక్కుని జనం మధ్య కూర్చోవడం అదే మొదటిసారి. పై నుంచి చూస్తే ఆట ఎంత నెమ్మదో! ఒంటి కన్నుతో ఎలా ఉంటుందో చూద్దామని అరచేత్తో ఎడమ కన్ను మూసుకున్నాను. మైదానం ఎడమ కొస మాయమైంది. మనుషులు ఎక్కడి నుంచి వస్తున్నారో తెలియదు, గాల్లోంచి ఊడిపడ్డట్టు ఉంది.

"ఏం చేస్తున్నావ్?" అంది లీడియా.

"చూస్తున్నా."

చెయ్యి తీసేసిన కాసేపటికే అవతలి జట్టువాడొకడు ఎడమ పక్క నుంచి చప్పుడు లేకుండా వచ్చాడు. వాడు వస్తున్నట్టు నాకు కనబడుతూనే ఉంది. నోరు తెరిచాను, అన్ని వేలమంది కేకల్లో నా గొంతు నాకే వినబడలేదు. టౌనో పడిపోయాడు. కర్ర ఒక పక్క, అతనొక పక్క. కదల్లేదు.

నేను లేచాను. మెట్లు దిగి, తలుపు తోసుకుని, నడవలోకి వచ్చేశాను. మొక్కజొన్న పేలాలు అమ్మే ఆవిడ "ఏమైంది బాబూ?" అని అడిగింది. గోడకి ఆనుకుని నిలబడ్డాను. లోపల ఒక్కసారిగా నిశ్శబ్దం. తర్వాత ఒక కేక లేచింది. ఆ కేక అతను లేచి నిలబడ్డందుకో, అతన్ని స్ట్రెచరు మీద మోసుకుపోతున్నందుకో తెలియలేదు. వెళ్ళి చూడలేదు.

లేచాడట. లీడియా వచ్చి చెప్పింది. లేచి, మిగతా ఆటంతా ఆడాడు. వాళ్ళే గెలిచారు. ఆ మర్నాడే పేపరువాళ్ళని పిలిచి, ఆట మానేస్తున్నాననీ, తన కన్ను సంగతి ఇదనీ తనే చెప్పేశాడు. అందుకే నీకు ఇంత వివరంగా రాయగలుగుతున్నాను.

అమ్మా, నేను కుర్రవాడిగా యార్క్‌టన్‌లో ఆడే రోజుల్లో నువ్వు ఒకే ఒక్కసారి చూడటానికి వచ్చావు. మొదటి దెబ్బలాటకే లేచి వెళ్ళిపోయి, ఆట అయ్యేదాకా ట్రక్కులో కూర్చున్నావని స్టెఫా చెప్పింది. అప్పట్లో నాకు ఎంతో కోపమొచ్చింది. నా ఆటంటే నీకు పట్టదనుకున్నాను. ఆ రాత్రి అంత చలిలో, అంతసేపు, ట్రక్కులో ఒక్కదానివే కూర్చుని ఏం చేశావమ్మా? లోపలి కేకలు నీకు వినబడ్డాయా? ఏ కేక నా గురించో నీకు తెలిసేదా? దీనికి మాత్రం తప్పకుండా రాయి. నువ్వు రాస్తే గానీ నాకు తెలియదు.

నాన్నకి నా నమస్కారాలు చెప్పు. స్టెఫాకి, పిల్లలకి ముద్దులు.

ఇట్లు,
నీ రెండో కొడుకు
జెనోన్