పడవ ముక్కు మీద గుంటలు

బావా,

నువ్వు పోతూ సగంలో వదిలేసిన పడవకి నిన్న నరసాపురం రేవులో ఆఖరి వార్నిష్ పూత నేనే వేశాను. ఇవాళ చూస్తే పడవ ముక్కు దగ్గర చేపకళ్లలా గుంటలు పడ్డాయి.

"మీ బావ కింద పూతలు సరిగ్గా వెయ్యలేదండి," అన్నాడు ఓనరు, పదిమందిలో. నాకు ఒళ్లు మండింది. థిన్నర్ గుడ్డతో ఆ గుంటల్ని రుద్దితే గుడ్డకి పసుపు అంటింది.

"ఎవరండీ ఇక్కడ నూనెతో పసుపు బొట్లు పెట్టింది?"

"మా ఆవిడండి. చెరిగిపోకూడదని."

"నూనె మీద వార్నిష్ నిలవదండి. చచ్చినోడు లేచొచ్చి చెప్పలేడని ఆయన మీదకి తోసేస్తారా?"

అంత మాటన్నా నాకు మంట తగ్గలేదు. ఆ బొట్లు చూసి కూడా లుంగీతో తుడిచి పూత వేసేసింది నేనే. నువ్వు ప్రతి పూతకి ముందూ థిన్నర్‌తో తుడుస్తుంటే, పడవకి తలంటు పోస్తున్నావా అని వెక్కిరించిందీ నేనే. అది కూడా ఆ పదిమందికీ చెప్పాను. చెప్పకపోతే సగం తప్పు నీ పేరు మీదే ఉండిపోయేది.