ఏం లేదులే అన్నది నేనే

శనివారం రాత్రి, మడికొండ

ఈరోజు అమ్మను చెవి డాక్టర్‌కు చూపించాను. అమ్మకూ మతిమరుపు వస్తుందేమోనని, అమ్మమ్మ చివరికి మమ్మల్నే మరిచిపోయిందని చెప్పాను. "మతిమరుపు కొంత వంశంల వస్తది, దాన్నేం చెయ్యలేం. కానీ వినపడక మాటలు తగ్గితే గూడ ముప్పు పెరుగుతది. చెవికి మిషన్ పెడదాం, మీరు జర ఎక్కువ మాట్లాడించాలె" అన్నాడు డాక్టర్.

అమ్మకు చదువు రాదు. చర్చి పాటలన్నీ నేను చదువుతుంటే విని నేర్చుకున్నవే. రెండేళ్లుగా ఆమె "ఏందే బిడ్డా, మళ్ల చెప్పు" అన్నప్పుడల్లా "ఏం లేదులే" అని విసుక్కున్నాను. పాటలు చదవడమూ మానేశాను.

ఇంటికి రాగానే పాటల పుస్తకం తీసి, పక్కన కూర్చుని గట్టిగా చదివాను. అమ్మ నవ్వింది.

"గట్లెందుకు ఒర్రుతానవే? నీ పని చూస్కో పో. ఇనపడకుంటే ఏంది, నాకు అలవాటైపాయె."

మళ్లీ చెప్పమని అడగడం ఆమె ఎప్పుడు మానేసిందో నాకే గుర్తులేదు.