మిషన్ మోత

అక్కా,

ఫోన్ ఎత్తడం లేదని కోప్పడకు. నాన్న లేత్ షాపు నుంచి అమ్మకి పంపిన ఆఖరి వాయిస్ మెసేజ్‌లో మిషన్ మోత తీసేయమన్నావు. తీశాను. పంపడానికే చెయ్యి రావడం లేదు. కూర్చుంటే లేస్తున్నాను, లేస్తే మళ్ళీ వింటున్నాను.

నేను రోజూ కుస్తీ పడే ఇంటిగ్రల్ ఆపరేటర్ అంటే, ఒక శబ్దాన్ని మొత్తంగా తీసుకుని ఇంకో శబ్దంగా మార్చే లెక్క. అది ఏం చేస్తుందో తెలియాలంటే, ఏ క్షణాన ఏ ఫ్రీక్వెన్సీ ఉందో చూస్తూ శబ్దాన్ని చిన్న ముక్కలు చేయాలి. ఈ మెసేజ్‌నీ అలాగే విడదీసి, మోత ఉన్న ముక్కలన్నీ సున్నా చేశాను. లెక్క తప్పలేదు. షాపంతా నిశ్శబ్దమైపోయింది.

ఆ నిశ్శబ్దంలో నాన్న ఒక్కరే, "భోంచేశావా? వేళకి తిను!" అని ఇల్లదిరిపోయేలా అరుస్తున్నారు. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. అమ్మ వింటే, పోయేముందు నాన్నకి తన మీద ఎందుకంత కోపమొచ్చిందోనని కుమిలిపోతుంది.

అందుకే మోతతో ఉన్నదే పంపుతున్నాను. మాట సరిగ్గా వినపడకపోతే నువ్వు పక్కన కూర్చుని చెప్పు. నాన్న గొంతు పెంచింది అమ్మ మీద కాదక్కా, ఆ మిషన్ మీద.

కుదురు లేని నీ తమ్ముడు