చాముండక్క చెక్కలు

ద పాండ్స్, సిడ్నీ
ఆదివారం పొద్దున

చాముండక్కకు,

నీ తమ్ముడు ఉపేంద్ర కాళ్లకు మొక్కి రాసుకొనేది. ఇక్కడ నేను, లలిత, శ్రీదివ్య అందరం బాగుండాం. నువ్వూ బావా కూడా బాగుండారని తలుస్తాండా.

నీ జాబు అందింది. అడిగినవాటికి వరసగా చెప్తా. నా మోకాలు తేలికయింది, మెట్లెక్కుతాండా. శ్రీదివ్యకు తెలుగు బాగా అర్థమవుతుంది, మాట్లాడమంటే మాత్రం "ఐ నో, డాడ్" అంటుంది. "యాభై తొమ్మిదేండ్లొచ్చె, రైల్వేలో ఇంజినీరువి, పబ్బుల్లో తాగేవాళ్ల ముందర డ్రమ్ములు కొట్టేదానికి సిగ్గులేదా?" అని కూడా అడిగితివి. లేదక్కా! నిన్నటి నుంచి అసలుకే లేదు.

నిన్న మధ్యాహ్నం మా క్రీకీ గేట్స్ బ్యాండు ఆఖరి ఆట. ముప్పై రెండేండ్లు వాయించినాం. బ్లాక్‌టౌన్‌లో ఏ పబ్బులో మొదలుపెడితిమో అక్కడే ముగించినాం. మొదటిసారి పదకొండు మంది ఉండిరి, అందులో ముగ్గురు టీవీలో కుక్కల పందెం చూస్తాండిరి. నిన్న ఈగ దూరే సందు లేదు, రోడ్డు మీద కూడా జనమే. మా పాటలకు ఎగిరి, ఆడనే కలిసి పెండ్లి చేసుకున్నోళ్లు పిల్లల్ని పిలుచుకొని వచ్చినారు. కొత్త బ్యాండ్ల కుర్రోళ్లు వచ్చి, మీ దరువు వినే మేం నేర్చుకుంటిమి అన్నారు. పబ్బు గోడకు మా పేర్లు చెక్కిన ఇత్తడి పలక కొట్టినారు.

ఆ దరువు కథ నీకు చెప్పలేదు. మాకు పేరు తెచ్చిన పాట 'ఫ్రైడే ఇన్ బ్లాక్‌టౌన్'. మొదటేడు ఒక శుక్రవారం డ్రమ్ము పుల్లలు ఆఫీసులో మర్చిపోయి వస్తి. పాట పాడే గ్యారీ నన్ను మింగేసేటట్ల చూసినాడు. నా సంచిలో చెక్కభజన చెక్కలుండె. అవే పట్టుకొని, కాలితో పెద్ద డ్రమ్ము తొక్కుతా, తిరునాళ్లలో నువ్వేసే దరువు మొదలుపెడితి. అడుగు మారేచోట నువ్వరిచినట్లే "ఎయ్ అడుగు!" అని అరిస్తి. నాలుక కరుచుకొనేలోగా పబ్బంతా తిరిగి అరిచింది! ఇంక పెర్త్ పోయినా, డార్విన్ పోయినా, బీరు గ్లాసు పట్టుకున్న ప్రతివాడూ అదే అరుపు, అదే అడుగు. అర్థం మాత్రం ఒక్కడికీ తెలీదు.

ఇప్పుడు నీ ఆఖరి ప్రశ్న. "తాత చెక్కలు ఏమైనాయో నీకేమైనా తెలుసా?" అంటివి. ఫోన్లో చెప్పే ధైర్యం లేకనే ఈ జాబు. అక్కా, అవే ఇవి. విమానమెక్కే ముందర నేనే చొక్కాల కింద దాచి తెచ్చుకుంటి. ఆడపిల్ల చేతికిస్తే పోగొట్టిందని నాయన నిన్ను భజన గుంపులో నుంచి తీసేసినాడని అమ్మ రాసింది. ఎవరితోనైనా పంపిద్దామని సంచిలో పెట్టుకొని తిరిగితి. అంతలో ఆ శుక్రవారం వచ్చె, చప్పట్లు వచ్చె. దరువు నాదే అనుకొనిరి, నేను కాదనలేదు. నువ్వు మళ్లీ చెక్క పట్టలేదు, నేను పట్టిన చెక్క దించలేదు. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తుంది.

నిన్న ఆఖరి పాటకు ముందర మైకు తీసుకుంటి. "ఈ దరువు నాది కాదు, మా అక్క చాముండేశ్వరిది. ఈ చెక్కలు ఆమె దగ్గర దొంగతనం చేసినా" అని ఉన్నదున్నట్లు ఇంగ్లీషులో చెప్పేస్తి. గ్యారీ నా మొకం చూసి "బ్లడీ హెల్ మేట్, థర్టీ టూ ఇయర్స్!" అని, జనం దిక్కు తిరిగి "చాముండీ!" అని కేక పెట్టె. లోపలా బయటా ఎనిమిది నూర్ల మంది "చాముండీ! ఎయ్ అడుగు!" నేల అదిరిపోయిందక్కా! శ్రీదివ్య ఏడుస్తానే వీడియో తీసింది. "అత్త ఈజ్ ఎ లెజెండ్, డాడ్" అన్నది.

ఇత్తడి పలక పీకించినారు. నీ పేరు అన్నిటికన్నా పైన చెక్కించి మళ్లీ కొడ్తారంట. ఆట చూసేదానికొచ్చిన మ్యూజియం వాళ్లు చెక్కలు అద్దాల పెట్టెలో పెడ్తామని అడిగితే, అవి ఇచ్చేదానికి నావి కావు అంటి. లలిత తమ్ముడు హేమచంద్ర ఊరికొస్తాండాడు. ఈ జాబుతోపాటే అవి నీ చేతికిస్తాడు. చెక్కకుండే గలగల బిళ్ల ఒకటి ఊడింటే కొత్తది వేయించినా.

ముందు నన్ను కడుపారా తిట్టు. తిట్టినాక లేచి నిలబడు. గుంపులో నుంచి తీసేసేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. ఇన్నేండ్లు దేశమంతా నీ మాట విని అడుగేసింది.

ఎయ్ అడుగు, అక్కా.

ఇట్లు,
నీ దరువు దొంగిలించిన తమ్ముడు
ఉపేంద్ర