మేడంగారి పెరట్లో వంగ మొక్కలు

మే 9
మొక్కలు నావి కావు. ఈ క్వార్టర్‌లో మా ముందున్నవాళ్లు వదిలేసి వెళ్లిన ఆరు వంగ మొక్కలు. పెళ్లయ్యాక ఢిల్లీ కంటోన్మెంట్‌కి వచ్చి మూడు వారాలు. అనుగ్రహ మిలిటరీ నర్సు, కెప్టెన్. పొద్దున్నే యూనిఫామ్ వేసుకుని హాస్పిటల్‌కి పోతుంది. నేను ఇంట్లో కూర్చుని హైదరాబాద్ ఆఫీసు పని చేస్తాను. మధ్యలో నీళ్లు పోస్తాను. ఇవాళ గేటు దగ్గర జవాను సెల్యూట్ కొట్టి, ఏ యూనిట్ సాబ్ అన్నాడు. మేడం హస్బెండ్‌ని అన్నాను. చెయ్యి దించేశాడు.

జూన్ 3
పూత బోలెడు. ఒక్క పిందె లేదు. ఈ ఎండకి పూలు తొడిమలతో సహా రాలిపోతున్నాయి. పాత చీర పందిరిలా కట్టాను. అనుగ్రహ చూసి, పేషెంట్లకి కూడా ఇంత చెయ్యం మేము అంది.

జూన్ 12
మళ్లీ రాలాయి.

జూన్ 28
పక్క క్వార్టర్ ఇంద్రాణి ఆంటీ బెంగాలీ. నా పేరు నథానియేలు అనడం రాక నాథ్ బేటా అంటుంది. గోడ మీంచి చూసి, ముదిరిపోయాయి, వానలు మొదలవగానే జానెడు ఉంచి అన్నీ నరికెయ్ అంది. అచ్ఛా ఆంటీ అన్నాను. పచ్చగా ఉన్నదాన్ని ఎలా నరుకుతాం!

జూలై 2
మేనేజర్ ఉమాశంకర్ మెయిల్. వచ్చే నెల నుంచి అందరూ ఆఫీసుకి రావాల్సిందే. అనుగ్రహకి చెప్పలేదు. నైట్ డ్యూటీలో ఉంది.

జూలై 6, పొద్దున
వాన పడింది. కూరగాయల కత్తితోనే కోసేశాను. ఆరూ. పెరడు గుండు చేయించుకున్నట్టుంది.

జూలై 7
తప్పు చేశానేమో.

జూలై 16
చిగుళ్లు! మోడు చుట్టూ ఊదారంగులో, నూగు నూగుగా. అనుగ్రహని నిద్ర లేపి మరీ చూపించాను. ఆ ఊపులోనే మెయిల్ సంగతీ చెప్పేశాను. ఇన్నాళ్లు ఎందుకు దాచావు అంది. భయమేసింది అన్నాను. వెళ్తావా అంది. నువ్వేమంటావు అంటే కోపం వచ్చింది. "నేను ఆర్డర్ ఇవ్వను. నీకేం కావాలో నువ్వు చెప్పు."
ఇక్కడే ఉండాలని ఉంది అన్నాను. అన్నాకే తెలిసింది, నిజంగానే ఉందని.
ఉమాశంకర్‌కి ఫోన్ చేసి, రాను, కావాలంటే రాజీనామా పంపిస్తా అన్నాను. ఆయన నసిగి నసిగి, డిసెంబర్ దాకా అక్కణ్ణుంచే చెయ్యి, తర్వాత చూద్దాం అన్నాడు. ఠీక్ హై.

ఆగస్టు 5
రెండు కొమ్మల చివర్లు వాలిపోయాయి. తుంచి చూస్తే లోపల పురుగు. తుంచినవి కవర్లో కట్టి పారేశాను. వేపనూనె కొట్టాను. పూత నిలిచింది.

ఆగస్టు 24
మొదటి కోత. తొమ్మిది కాయలు, ఒకటి పుచ్చు. చర్చి నుంచి వచ్చాక గుత్తి వంకాయ చేశాను. కారం ఎక్కువైంది. ఇంద్రాణి ఆంటీకి గిన్నె పంపిస్తే, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ వచ్చి ఇంకొంచెం ఉందా అంది.

సెప్టెంబర్ 2
అనుగ్రహ డ్యూటీ దిగి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా మొక్కల పక్కన కుర్చీలో నిద్రపోయింది. చినుకులు మొదలయ్యాయి. లేపబుద్ధి కాలేదు. గొడుగు పట్టుకుని నిలబడ్డాను.