కాపరి భార్య తిన్న గోబీ మంచూరి

రహమత్,

నువ్వు పోయాక మన హిందూపురం పుస్తక క్లబ్బులో నాతో వాదించేవాళ్లే లేరు. నేనేమన్నా తలూపుతున్నారు. ఇక మూసేద్దామనుకున్నాను.

నిన్నటి నవలలో చిలమత్తూరు గొర్రెల కాపరి భార్య బెంగళూరు గార్మెంట్స్ ఫ్యాక్టరీలో పనికి పోతుంది. నవలలో వాళ్లు తినేదే మనమూ తినాలన్నది నువ్వు పెట్టిన నియమమే కదా, రాగిసంగటి, నంజుకోను ఊరిబిండి పచ్చడి చేయించాను. పెట్టుబడి ఆమె నోటిదగ్గరి సంగటి లాక్కుందని గర్జించాను.

అప్పుడు నీ భార్య షమీమ్ మొదటిసారి క్లబ్బుకొచ్చింది, గోబీ మంచూరి పట్టుకుని.

"ఆ కాపరి పెండ్లాం పుస్తకం మొత్తంలో ఇష్టంగా తినింది, బెంగళూరులో ఇదొక్కటే కదన్నా! సంగటి గెలికి గెలికి విసుగొచ్చే పోయింది. నువ్వెందుకు ఏడిపిస్తాండావు?"

"మరి ఫ్యాక్టరీలో దోపిడీ?"

"దాంతో ఆడనే ఉండి కొట్లాడతాది. సంగటి కోసం వెనక్కి రాదు."

అందరూ పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఆమెకు జవాబు చెప్పాలని పొద్దున్నే ఆ నవల మళ్లీ తెరిచాను.